యోని దగ్గర నెలల తరబడి మంట, నొప్పి తగ్గకపోతే ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

మూడేళ్లపాటు నేను వెళ్లిన ప్రతి డాక్టరమ్మ దగ్గరా చెప్పింది ఒకటే ముక్క: "మేడమ్, కింద మంటగా ఉంటోందండి." ప్రతిసారీ చేతికొచ్చింది కూడా ఒకే రకం చీటీ, ఫంగస్‌కి 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, పూసుకోవడానికి ఒక క్రీము. ఎక్కడ మంట, ఎప్పుడు, ముట్టుకుంటేనేనా ఊరికే కూర్చున్నా ఉంటుందా అని వాళ్లు అడగలేదు, నాకు చెప్పడం రాలేదు. సిగ్గు ఉంది నిజమే, కానీ అంతకంటే పెద్ద చిక్కు ఆ చోట్లకి నా దగ్గర పేర్లు లేకపోవడం. ఇంట్లో అమ్మేమో "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో" అనేది. తాగాను. ఎండాకాలం వైజాగ్‌లో మజ్జిగ మంచిదే, ఈ నొప్పికి మాత్రం అది మందు కాదు.

మీకూ ఇలా మూడు నెలలు దాటి ఉంటే, నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన వరుసలో ఇది రాస్తున్నాను. పెళ్లైందా, పిల్లలున్నారా, నెలసరి ఆగిపోయిందా అన్నదానితో పనిలేదు, ఇది ఏ వయసులోనైనా వస్తుంది. నేను డాక్టర్ని కాదు, మందులు మీ డాక్టరుతోనే తేల్చుకోవాలి, కానీ ఆ డాక్టరు ముందు కూర్చునేదాకా, కూర్చున్నాక, ఇంటికి వచ్చాక చేయాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు పేర్లు నేర్చుకోండి

యోని అంటే లోపలి దారి. బయట కనిపించే భాగమంతా, అంటే పెద్ద పెదవులు, చిన్న పెదవులు, పైన మొగ్గలా ఉండే క్లిటోరిస్, మూత్రం వచ్చే రంధ్రం, యోని ద్వారం, ఇవన్నీ కలిపి వల్వా. చిన్న పెదవులు విడదీస్తే మధ్యలో కనిపించే సున్నితమైన గులాబీ రంగు చోటుని వెస్టిబ్యూల్ అంటారు, మన భాషలో యోని గుమ్మం అనుకోండి. చాలామందికి నొప్పి ఉండేది సరిగ్గా ఈ గుమ్మం దగ్గరే.

ఇన్ఫెక్షన్ లేదు, పుండు లేదు, చర్మం చూడ్డానికి మామూలుగానే ఉంది, అయినా మూడు నెలలకి పైగా నొప్పి ఉంటే దాన్ని వల్వోడినియా అంటారు. 2015లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఈ నిర్వచనం ఖాయం చేశాయి. మళ్లీ అందులో తాకితేనే వచ్చేది ఒకటి, తాకకపోయినా ఉండేది ఒకటి, రెండూ కలిసినది ఒకటి. ఒక్క చోటే ఉండొచ్చు, మొత్తం పాకొచ్చు. ఇదేదో ఈ కాలం ఆడవాళ్ల టెన్షన్ వల్ల పుట్టిన జబ్బు అని ఎవరైనా అంటే, 1880లోనే టి. గైలార్డ్ థామస్ అనే అమెరికా డాక్టర్ తన వైద్య గ్రంథంలో ఈ చోట నరాలు విపరీతంగా సున్నితమైపోవడం గురించి రాశాడని చెప్పండి. మీ భ్రమ కాదు ఇది. ఆ చోట నొప్పిని మోసే నరాలు మామూలు కంటే ఎక్కువ ఉండటం, కటి కింద కండరాలు బిగుసుకుపోవడం, పదే పదే వచ్చిన ఫంగస్ ఇన్ఫెక్షన్లు, హార్మోన్ల మార్పులు, ఇలా కారణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

పూయడం, కడగడం ఆపండి

డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగక్కర్లేదు, ఇది ఇవాళే మొదలుపెట్టొచ్చు. మంట అనగానే మనం ఏదో ఒకటి రాస్తాం. నేను రాసినవి చెప్తాను: పసుపు, వేపాకు మరిగించిన నీళ్లు, డెట్టాల్ చుక్కలు కలిపిన నీళ్లు, టీవీలో చూసిన ఇంటిమేట్ వాష్, మందుల షాపులో అడిగితే ఇచ్చిన ట్యూబు. ఒక్కోటి రాసినప్పుడు రెండు రోజులు తగ్గినట్టు అనిపించి, మూడో రోజు ఇంకా మండేది. ఆ చర్మం ముఖం మీద చర్మం లాంటిది కాదు, కంటి లోపలి రెప్పతో పోల్చుకుంటే సరిపోతుంది. కంట్లో పసుపు వేసుకోం కదా.

మందుల షాపులో తేలిగ్గా దొరికే, స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములు అసలే వద్దు. ఊరికే వాడుతూ పోతే చర్మం పలచబడుతుంది, అసలు జబ్బేదో డాక్టరుకి కనపడకుండా పోతుంది. ఏదైనా చర్మవ్యాధికి డాక్టరు చూసి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే అది వేరే సంగతి, అది చెప్పినంత కాలం వాడాలి, భయపడి మధ్యలో మానకూడదు.

కడగడం సంగతి. స్నానం చేసేటప్పుడు ఒంటి సబ్బు నురగ అక్కడికి జారకుండా చూసుకోండి, వల్వాకి ఉత్త నీళ్లు చాలు, అదీ బయటే, లోపలికి నీళ్లు కొట్టకూడదు. టాయిలెట్‌లో ఉండే హ్యాండ్ స్ప్రే ధార గట్టిగా తగిలితే చురుక్కుమంటుంది, అది వదిలేసి మగ్గుతో నెమ్మదిగా పోసుకోండి. మూత్రానికి వెళ్లినప్పుడు మంటైతే వెళ్తుండగానే గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటే పలచబడి మంట తగ్గుతుంది. తర్వాత మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. అద్దాక కొంచెం పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చర్మానికి పొరలా పనిచేస్తుంది. వాసన కలిపినవి వద్దు.

లోపలి బట్టలు తెల్లవో లేత రంగువో నూలువి కొనుక్కోండి, సర్ఫ్ పొడి పోయేదాకా రెండుసార్లు జాడించండి, కంఫర్ట్ లాంటి సువాసన ద్రవాలు వాటికి వద్దు. లెగ్గింగ్స్, జీన్స్ కొన్నాళ్లు పక్కనపెట్టి వదులు చుడీదార్, పంజాబీ ప్యాంటు, లంగా వేసుకోండి. రాత్రి నైటీ కింద లోపలి బట్ట లేకుండా పడుకోండి, మన ఊరి ఉక్కపోతకి ఇదొక్కటే సగం ఉపశమనం. ఆర్కే బీచ్‌లో అల తగిలి సల్వార్ తడిస్తే ఆ ఉప్పు, ఇసుక తడితోనే ఐస్‌క్రీమ్ తిని, బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఉండకండి, సంచీలో ఒక జత పొడి బట్టలు పెట్టుకోండి. నెలసరిలో సెంటు వాసన, ప్లాస్టిక్ పై పొర ఉన్న ప్యాడ్లు నాకు పడేవి కావు, నూలు పొర ఉన్నవాటికి మారాక ఆ అయిదు రోజులు గండంలా అనిపించడం మానేసింది.

ఇవన్నీ ఒకేసారి మార్చి కనీసం నెల చూడండి. కొందరికి దీంతోనే మంట పోతుంది, అంటే అది వాడిన వస్తువుల వల్ల వచ్చిన దద్దురు లాంటిదన్నమాట. పోకపోతే తర్వాతి పని.

అద్దం పట్టుకుని చోటు కనిపెట్టండి

తలుపు గడియ వేసుకుని, వెలుతురు వచ్చే చోట, గోడకి దిండు ఆనించుకుని కూర్చోండి, మోకాళ్లు పక్కలకి వదిలేసి చేతి అద్దం పెట్టుకోండి. మొదటిసారి నేను అద్దం తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టేశాను, రెండు వారాల తర్వాత చూశాను. మీకూ అంత టైం పడితే పట్టనివ్వండి.

ఇప్పుడు యోని ద్వారాన్ని గోడ గడియారం అనుకోండి. పైన మూత్ర రంధ్రం వైపు పన్నెండు, కింద మలద్వారం వైపు ఆరు. చెవులకి వాడే దూదిపుల్లని నీళ్లలో తడిపి, తొడ లోపలి వైపు నుంచి మొదలుపెట్టి పెద్ద పెదవులు, చిన్న పెదవులు, ఆ తర్వాత గుమ్మం చుట్టూ గడియారం అంకెల ప్రకారం చాలా తేలిగ్గా తాకుతూ రండి. నొక్కొద్దు, సీతాకోకచిలుక వాలినంత చాలు. నాకు తొడ దగ్గర ఏమీ లేదు, పెదవుల మీద ఏమీ లేదు, అయిదు దగ్గరా ఏడు దగ్గరా మాత్రం దూది తగలగానే బ్లేడుతో గీసినట్టు నొప్పి, ఒళ్లు జలదరించి అద్దం కింద పెట్టేశాను. చూస్తే అక్కడ ఏమీ లేదు, కాస్త ఎర్రగా ఉందేమో అంతే. మూడేళ్లు ఒళ్లంతా పాడైపోయిందనుకున్న దాన్ని, తీరా చూస్తే కందిగింజంత చోట్లు రెండు. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను, ఎందుకంటే ఇక చెప్పడానికి నాకో చోటు దొరికింది.

ఇదే పరీక్షని డాక్టర్లు కూడా చేస్తారు, ఈ జబ్బు గుర్తించడానికి ముఖ్యమైన పరీక్ష ఇదే. తాకడం మీ వల్ల కాకపోతే అద్దంలో చూసి చోటు గుర్తుపెట్టుకున్నా చాలు. చూసేటప్పుడు చర్మం తెల్లగా పాలిపోయి, ముడతలు పడిన పలుచటి కాగితంలా అయిందా, పెదవులు అతుక్కుపోతున్నట్టున్నాయా, పుండు, గడ్డ, చీలిక ఉన్నాయా కూడా గమనించండి, ఎందుకంటే అవి వల్వోడినియా కాదు, వేరే జబ్బులకి గుర్తులు.

చిన్న నోటుబుక్కు

పిల్లల రఫ్ బుక్ అయినా చాలు. రోజుకి రెండు లైన్లు: ఎక్కడ, పదికి ఎంత, ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది. నొప్పికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో వాడండి: మంట, చురుకు, పోటు, సలుపు, కోసినట్టు, కారం రాసినట్టు, సూదులు గుచ్చినట్టు, దురద. "నొప్పి" అని ఒక్క మాట రాస్తే డాక్టరుకి ఏమీ తెలియదు. దురద ఎక్కువైతే ఫంగస్ వైపో చర్మవ్యాధి వైపో చూస్తారు, కారం రాసినట్టు మంటైతే నరం వైపు, కూర్చుంటే పెరిగి నిలబడితే లేక కమోడ్ సీటు మీద కూర్చుంటే తగ్గేదైతే ప్యూడెండల్ అనే నరం వైపు ఆలోచిస్తారు. నెలసరి తేదీలు, మలబద్ధకం ఉన్న రోజులు, గర్భనిరోధక మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టారో కూడా రాయండి. షుగర్ ఉంటే ఆ రీడింగులు కూడా, ఎందుకంటే షుగర్ అదుపులో లేకపోతే ఫంగస్ మళ్లీ మళ్లీ వస్తుంది.

డాక్టర్ దగ్గర

మొదట గైనకాలజిస్టు, చర్మంలో మార్పు ఉంటే చర్మవ్యాధుల డాక్టరు కూడా. ప్రైవేటుకి డబ్బు లేకపోతే మా వైజాగ్ మహారాణిపేటలో కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అక్కడ గైనిక్, చర్మవ్యాధులు రెండు విభాగాలూ ఒకే ఆవరణలో దొరుకుతాయి, పాతనగరంలో అందరూ ఘోషాసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రి ఆడవాళ్లదే. ఓపీ పొద్దున్నే కాబట్టి తొందరగా వెళ్లి చీటీ తీసుకోండి. గాజువాక నుంచో అనకాపల్లి నుంచో వచ్చేవాళ్లకి స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సులు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు, ఆ మిగిలిన డబ్బు మందులకి వస్తుంది.

ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలు. అందుకని మొదటి వాక్యం ఇంట్లోనే తయారు చేసుకోండి, అద్దం ముందు రెండుసార్లు పైకి అనుకోండి. నాది ఇలా ఉండేది: "మేడమ్, మూడేళ్లుగా యోని ద్వారం దగ్గర, కింది వైపు, తాకితే కోసినట్టు నొప్పి. ఫంగస్ మందు ఆరుసార్లు వాడాను, తగ్గలేదు. దూదిపుల్లతో ఒకసారి తాకి చూస్తారా?" ఈ మాట విన్న డాక్టరమ్మ పెన్ను పక్కనపెట్టి నా వైపు తిరిగింది. అంతకు ముందు వేరే క్లినిక్‌లో ఒకావిడ "పెళ్లైంది కదా, అలవాటైపోతుందమ్మా" అంది. అలా అన్నవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

బల్ల ఎక్కే ముందు ఇవి చెప్పే హక్కు మీకుంది. లోపల చూసే పరికరం అవసరమైతేనే వేయమనండి, వేస్తే చిన్నది వేయమనండి, వేసే ముందు చెప్పమనండి, "ఆపండి" అంటే ఆపమనండి. మగ డాక్టరైతే నర్సు పక్కన ఉండాలి. పెళ్లికాని అమ్మాయిలకి, వాళ్ల అమ్మలకి ప్రత్యేకంగా చెప్తున్నా, దూదిపుల్ల పరీక్ష అంతా బయటే, లోపలికి ఏదీ వెళ్లక్కర్లేదు, కాబట్టి ఆ భయంతో పిల్లని ఇంట్లో కూర్చోబెట్టకండి.

అడగాల్సిన పరీక్షలు కొన్నే. తెల్లబట్ట ఉంటే దాన్ని మైక్రోస్కోపులో చూడటం, ఫంగస్ కల్చర్ (ల్యాబులో ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష), మూత్ర పరీక్ష, షుగర్. ఇంతకు ముందు ఎన్నిసార్లు ఫంగస్ మాత్ర మింగినా, పరీక్షలో నిజంగా ఫంగస్ కనిపించిందా అన్నది ఎప్పుడైనా చూశారా? నా విషయంలో ఎవరూ చూడలేదు, చివరికి కల్చర్ చేస్తే ఏమీ రాలేదు. చర్మం తెల్లగా మారి ఉంటే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బేమో చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. నెలసరి ఆగిన పెద్దవాళ్లకి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి చర్మం పొడిబారి మంట వస్తుంది, దానికి ఆ చోట వాడే ఈస్ట్రోజన్ క్రీము ఉంది. అమ్మలు, అత్తయ్యలు "ఈ వయసులో ఇదేంటి" అని నోరు విప్పరు, మీరే అడగండి.

మందులు రాశాక

తరచుగా మొదట రాసేది లిగ్నోకైన్ 5 శాతం ఆయింట్‌మెంట్, రాత్రి పడుకునే ముందు ఆ చోట రాయడమో, దూది మీద పెట్టి ఉంచడమో చెప్తారు. రాసిన వెంటనే కొన్ని నిమిషాలు చురుక్కుమంటుంది, తర్వాత మొద్దుబారుతుంది. మందుల షాపులో 2 శాతం జెల్లీ చేతిలో పెట్టి "రెండూ ఒకటేనమ్మా" అనొచ్చు. ఒకటి కాదు, చీటీలో ఉన్నదే అడగండి.

అమిట్రిప్టిలిన్ రాస్తే కంగారు పడకండి. గూగుల్‌లో వెతికితే డిప్రెషన్ మాత్ర అని వస్తుంది, మా ఇంట్లో ఆ పేరు చూసి "పిచ్చి మందులెందుకే" అని పెద్ద గొడవైంది. ఆ మాత్రే చిన్న మోతాదులో, సాధారణంగా రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచితే, నరాల నొప్పికి పనిచేస్తుంది. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, నాలుగో రోజున తగ్గలేదని మానేస్తే లాభం లేదు. నోరు ఎండుతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, మలబద్ధకం వస్తుంది. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, ముక్కడం వల్ల కింది కండరాలు ఇంకా బిగుస్తాయి, నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు, అవసరమైతే విరేచనం మెత్తబడే మందు అడగండి. గుండె జబ్బు, గ్లకోమా అనే కంటి జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ మానాలి, ఒక్కసారిగా కాదు. కొందరికి నరాల నొప్పికే వాడే గాబాపెంటిన్ అనే ఇంకో మందు ఇస్తారు. ఇవేవీ పనిచేయక, నొప్పి గుమ్మం ఒక్క చోటే ఉన్నవాళ్లకి ఆ చోటి పలుచటి పొరని తీసేసే వెస్టిబ్యులెక్టమీ అనే ఆపరేషన్ ఉంది, అది చివరి మెట్టు.

కండరాల సంగతి, దీన్ని దాటేయకండి

నొప్పి పుట్టినప్పుడల్లా ఒళ్లు తనకి తెలియకుండానే కింది కండరాలని బిగబడుతుంది. నెలలు, ఏళ్లు అలా బిగబట్టి ఉంచితే ఆ కండరాలే కొత్త నొప్పికి మూలం అవుతాయి. అందుకే పెల్విక్ ఫ్లోర్, అంటే ఈ కటి కింది కండరాల, ఫిజియోథెరపీ చేయించుకోమంటారు. ఫిజియోథెరపీ సెంటర్‌కి ఫోన్ చేసి "మోకాలి నొప్పికి కాదు, పెల్విక్ ఫ్లోర్‌కి చేసే లేడీ ఫిజియో ఉన్నారా" అని సూటిగా అడగండి, దగ్గర్లో దొరక్కపోతే వీడియో కాల్‌లో నేర్పేవాళ్లున్నారు. ఎవరైనా కెగెల్ వ్యాయామాలు చేయమంటే ఆగండి. అవి బిగించే వ్యాయామాలు, కాన్పు తర్వాత మూత్రం జారిపోయేవాళ్లకి మంచివి, మనలా ఇప్పటికే బిగుసుకున్నవాళ్లకి కావాల్సింది వదలడం. నేను నాలుగు నెలలు కెగెల్ చేసి నొప్పి పెంచుకున్నాను.

వదలడం ఇంట్లో ఇలా మొదలుపెట్టొచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, కింద దిండ్లు పెట్టుకోండి. ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో నెమ్మదిగా గాలి పీలుస్తుంటే పొట్ట పైకి లేవాలి, అదే సమయంలో కింద, మూత్రం మొదలయ్యే క్షణంలో ఎలా వదులవుతుందో అలా వదిలేయండి, తోయకండి. గాలి నోటితో వదిలేయండి, కింద దేన్నీ బిగించకండి. అయిదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. మొదటి వారం నాకు ఏదీ కదిలినట్టు తెలియలేదు, పదో రోజున దవడ వదులైంది, ఆ తర్వాతే కింద తెలిసింది. పళ్లు బిగబట్టి ఉన్నారేమో చూసుకోండి.

కూర్చోవడం, తిరగడం

రుషికొండ కొండ మీద కంప్యూటర్ ముందు తొమ్మిది గంటలు కూర్చునేవాళ్లు, జగదాంబ దగ్గర బట్టల షాపులో నిలబడేవాళ్లు, షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లేవాళ్లు, అందరికీ కూర్చోవడమే పెద్ద పరీక్ష. మధ్యలో గుండ్రటి కన్నం ఉన్న దిండు కంటే ముందు వైపు తెరిచి ఉన్నది నాకు నయం. కొనక్కర్లేదు, గట్టి స్పాంజి ముక్క తెచ్చి ముందు నుంచి మధ్యదాకా యు ఆకారంలో కోసి పాత చీర గుడ్డ కుట్టుకోండి, బరువు తుంటి ఎముకల మీద పడి ఆ చోటు గాలిలో ఉంటుంది. అరగంటకోసారి లేవండి. ఆఫీసులో అంతా చెప్పక్కర్లేదు, "డాక్టర్ ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు" అంటే చాలు. స్కూటీ మీద గుంతల్లో ఎగిరే ప్రయాణం కంటే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడటం మేలు.

వ్రతాలప్పుడు పీట మీద కాళ్లు ముడుచుకుని గంటలు కూర్చోలేకపోతే కుర్చీ వేసుకోండి, దేవుడేమీ అనుకోడు, అనుకునే పెద్దవాళ్లకి నడుం నొప్పి అని చెప్పుకోండి. ఒకసారి ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, ముప్పై రెండు కిలోమీటర్లు, నడవాలని పట్టుబట్టాను. తొడలు రాసుకుని, చెమట పట్టి హనుమంతవాక దాటేసరికి ఇక అడుగు పడలేదు. తర్వాతి ఏడాది పెట్రోలియం జెల్లీ రాసుకుని, వదులు నూలు ప్యాంటు వేసుకుని, మార్చుకోవడానికి ఇంకోటి సంచీలో పెట్టుకుని, నడవగలిగినంతే నడిచి ఆటో ఎక్కాను. స్వామికి అంతవరకే మొక్కుకున్నాను.

భర్తతో

ఓర్చుకోకండి. కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి "అయిపోతుందిలే" అనుకున్న ప్రతిసారీ ఒళ్లు ఆ చోటుకీ నొప్పికీ ముడి ఇంకా గట్టిగా వేస్తుంది, తర్వాత ఆయన చెయ్యి వేస్తేనే కండరం బిగుసుకుంటుంది. చికిత్స జరుగుతున్నంతకాలం లోపలికి కలయిక వద్దు అని డాక్టరు చేతే చెప్పించుకోండి, వీలైతే ఆయన్ని ఓపీకి తీసుకెళ్లండి.

మంచం మీద చెప్పకండి ఈ మాట. నేను ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తూ చెప్పాను, ఆయన దుప్పటికి రెండో కొస పట్టుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "నేను ముట్టుకుంటే నొప్పా, నేనంటేనే నొప్పా?" మూడేళ్లుగా ఆయన మనసులో ఉన్నది అదని నాకు ఆ రోజు దాకా తెలియదు. "మీరు కాదండీ, ఆ చోటు" అన్నాను. అద్దంలో చూసిన గడియారం సంగతి కూడా చెప్పాను. పక్కన పడుకోవడం, వీపు రాయడం, ముద్దు పెట్టుకోవడం, ఇవి మళ్లీ మొదలైంది ఆ తర్వాతే, ఎందుకంటే వాటి చివర అదే ఉంటుందన్న భయం పోయింది.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు డాక్టరు, ఫిజియో సరే అన్నాకే, తొందర లేకుండా, వాసన లేని జారుడు జెల్లీ వాడి. కొబ్బరినూనె కొందరికి పడుతుంది కానీ నూనె తగిలితే మామూలు లేటెక్స్ కండోమ్ పాడవుతుంది, అది గుర్తుంచుకోండి. పిల్లల కోసం ఇంట్లో ఒత్తిడి ఉంటే ఆ మాట కూడా డాక్టరు ముందే పెట్టండి, దానికి దారులు ఉన్నాయి. మీరు వద్దన్నా బలవంతం జరుగుతుంటే అది ఈ జబ్బు సంగతి కాదు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఆగకుండా వెళ్లాల్సినవి

గడ్డ, మానని పుండు, నెలసరి ఆగాక రక్తం, జ్వరంతో వాపు, మూత్రం ఆగిపోవడం, వీటికి నోటుబుక్కు రాస్తూ కూర్చోకండి. తొడల మధ్య అంతా స్పర్శ లేకుండా మొద్దుబారడం, మూత్రం, మలం అదుపు తప్పడం అయితే అదే రోజు ఎమర్జెన్సీకి.

నొప్పి విరుచుకుపడ్డ రోజు

ఇలాంటి రోజులు బాగవుతున్న కాలంలోనూ వస్తాయి, వస్తే మొదటికొచ్చిందని అనుకోకండి. ముందే ఒక డబ్బా సిద్ధంగా ఉంచుకోండి: మెత్తటి గుడ్డ, ఆయింట్‌మెంట్, వదులు నైటీ. ఫ్రిజ్‌లో మంచు ముక్కలు. మంచుని నేరుగా పెట్టకూడదు, గుడ్డలో చుట్టి లోపలి బట్ట పైనుంచి పది నిమిషాలు పెట్టి తీసేయండి. లేదా వెడల్పాటి టబ్బులో గోరువెచ్చటి ఉత్త నీళ్లు పోసుకుని కూర్చోండి, ఉప్పు, పసుపు ఏమీ కలపకుండా. వంట ఆ పూట ఇంకెవరైనా చేయనివ్వండి, పెరుగన్నం అయినా పరవాలేదు. ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట: ఆ రోజు "మళ్లీనా" అనకండి, నీళ్లు వెచ్చబెట్టి ఇవ్వండి, పిల్లల్ని చూసుకోండి, అంతే కావాలి ఆమెకి.

బతకాలనిపించని రాత్రులు నాకూ వచ్చాయి. 14416, టెలి మానస్ నంబరు, కేంద్ర ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, ఏ రాత్రైనా తెలుగులో మాట్లాడతారు. ఎక్కడ నొప్పో వాళ్లకి చెప్పక్కర్లేదు, చాలా కాలంగా నొప్పితో ఉన్నానని చెప్తే చాలు. నేను అంత మాత్రమే చెప్పాను, అవతలి ఆవిడ ఇరవై నిమిషాలు ఉంది.

తర్వాతి ఓపీకి వెళ్లేటప్పుడు నోటుబుక్కు, వాడిన ట్యూబులు, పాత చీటీలు అన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి. పోయినసారి చూసిన డాక్టరే ఉంటారని లేదు, పీజీ చదువుతున్న డాక్టరమ్మాయి ఎవరో కొత్తగా కూర్చుని ఉంటుంది, ఆమెకి మొదటి నుంచి చెప్పాలి. ఇప్పుడు ఎలా చెప్పాలో మీకు వచ్చు: "అయిదు దగ్గర, దూదితో తాకితే పోయిన నెల పదికి ఎనిమిది, ఇప్పుడు ఆరు. ఏడు దగ్గర ఇంకా అంతే ఉంది."